రత్నక్క తీసేయించిన పచ్చరంగు

తోటపల్లి గూడూరు దారిలో రొయ్యల గుంటల పక్కగా ఎప్పుడు పోయినా, ఏరియేటర్లు నీళ్లను చిలికే చప్పుడు వినబడగానే బండి నెమ్మది చేస్తాను. ఆ చప్పుడు ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. కాసేపట్లో రొయ్యలు తేలిపోతాయి, రైతు పంటంతా పోతుంది. ఆ భయాన్ని నాకు అంటించిన మనిషి రత్నక్క.

నెల్లూరులో ఆమె నడిపిన చిన్న కంపెనీలో నేను డేటాబేస్ చూసేవాణ్ణి. గుంటలో పెట్టిన యంత్రం ప్రాణవాయువు ఎంతుందో మాకు పంపేది. రైతు ఫోనులో పచ్చరంగు కనిపిస్తే క్షేమం, ఎరుపైతే పరుగే. రైతులు పెరిగేసరికి ఒక్క డేటాబేస్ చతికిలబడింది. అందుకని క్లౌడ్‌లో ఒక మధ్యవర్తి సేవ తీసుకున్నాం. మా ప్రోగ్రాము మార్చక్కర్లేదు. అది మధ్యలో కూర్చుని రాసేవన్నీ అసలు డేటాబేస్‌కి, చదివేవన్నీ దాని నకళ్లకి పంచుతుంది. జనం పెరిగితే పని ఆపకుండానే ఇంకో నకలు చేర్చుకోవచ్చు. పెళ్లిళ్ల పేరయ్యలా దాని గుణగణాలన్నీ ఏకరువు పెట్టాను. అక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"అసల్లో రాసింది నకల్లోకి ఎప్పుడొస్తాది?"

"కళ్లు మూసి తెరిచేలోపలక్కా."

"గాలివాన రోజు కూడానా?"

నాకు చిరాకేసింది. మెచ్చుకోవలసిన చోట గుచ్చి అడగడం ఆమెకు అలవాటు.

ఆ గాలివాన రానే వచ్చింది. పట్టపగలే మసకబారి, ఊరూరా కరెంటు పోయింది. రైతులందరూ ఒక్కసారే ఫోన్లు తెరిచారు. నకళ్లు వెనకబడ్డాయి. అసల్లో ఎర్రబడిన గుంటలు కొన్ని రైతుల ఫోన్లలో ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"అందరినీ అసలుకే తిప్పితే అది కూలిపోతుందక్కా. ఇంకెవరికీ ఏమీ కనపడదు. ఇంకో నకలు చేరుస్తున్నా, కాసేపు ఆగితే సర్దుకుంటుంది."

"రొయ్య ఆగతాదా అబయా? ఎర్రబడిన గుంటలేవో అంతవరకు అసల్లోంచి చూపించు. మిగతా పచ్చంతా తీసెయ్."

"తీసేసి ఏం పెట్టాలి?"

"మాకు తెలియదు, గుంట కాడికి పోయి చూడండి అని పెట్టు. తెలియనిదాన్ని పచ్చగా చూపించబాక."

పెట్టాను. ఫోన్లు మోగిపోయాయి. "మిమ్మల్ని నమ్ముకునింది తెలియదని చెప్పించుకోడానికా?" అని ఒక రైతు కేకలేశాడు. అక్క మాట తూలలేదు. "పోయి చూసినావా అన్నా?" అంది. కాసేపటికి ఆయనే మళ్లీ చేశాడు. "జనరేటరు ఆగిపోయి ఉండాదక్కా. ఇప్పుడే తిప్పినా." అక్క ఫోను పెట్టేసి గ్లాసుడు మంచినీళ్లు తాగింది. ఆ రోజు కొందరి పంట పోయింది, చాలామందిది దక్కింది.

నిరుడు ఆమెకు జబ్బు చేస్తే ఆసుపత్రికి చూడబోయాను. మనిషి సగమైపోయింది. "తగ్గిపోతుందక్కా," అన్నాను, అందరూ అనే మాటే.

"నీకు తెలుసా?"

ఏడుపొచ్చింది. "తెలియదక్కా," అన్నాను.

"అట్ట చెప్పు. వచ్చినోళ్లంతా పచ్చరంగే చూపించి పోతుండారు. నువ్వు కాసేపు కూర్చో."

పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఇప్పుడు అక్క లేదు. నకళ్లు వెనకబడినప్పుడల్లా రైతుల ఫోన్లలో ఇప్పటికీ వచ్చే ఆ 'తెలియదు' అన్న మాట తీసేస్తే చూడ్డానికి బాగుంటుందని కంపెనీలో కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అంటారు. నేను తియ్యలేదు.