ఏడెన్ తాతగారి హిందీ

ఇర్వింగ్ నుంచి బెంటన్‌విల్‌కి ఫ్రెండ్ గృహప్రవేశానికి డ్రైవ్ చేస్తుంటే దారిలో టైరు పంక్చరైంది. దగ్గర్లోని ఊళ్లో గ్యారేజీ నడిపేది డెబ్బై ఏళ్ల యెమెన్ పెద్దమనిషి. ఏడెన్ రేవులో పుట్టాడట. నాది ఇండియా అనగానే చేస్తున్న పని ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"మమ్మల్ని ఏలింది మీరే కదా," అన్నాడు.

నన్ను ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. మా ఇంట్లో టీవీ రిమోటే నా చేతికి రాదు.

ఆయనే చెప్పుకొచ్చాడు. ఏడెన్‌ను తెల్లవాళ్లు చాలాకాలం బొంబాయి నుంచి పాలించారట. సంతకం పెట్టేది దొరే అయినా, కాగితం ఆయన దాకా వెళ్లాలంటే ఇండియా గుమాస్తా కరుణించాలి. పడవ లైసెన్సు కోసం వాళ్ల తాత నెలల తరబడి ఆ ఆఫీసు మెట్లెక్కాడు. వెళ్లిన ప్రతిసారీ గుమాస్తా తలెత్తకుండా "కల్ ఆవో" అనేవాడట. రేపు రమ్మని. ఆ ఇంట్లో మూడు తరాలకు వచ్చిన హిందీ అదొక్కటే.

"అది బొంబాయి వాళ్ల పని సార్. మాది నల్గొండ, మాకు సముద్రమే లేదు," అన్నాను. మా నాన్న తాలూకా ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆయన తలూపి, ఏలకులు వేసిన పాల టీ పోసిచ్చాడు. గండం గడిచిందనుకుని, "సాయంత్రానికి నేను బెంటన్‌విల్‌లో ఉండాలి. టైరు ఎప్పటికవుతుంది?" అని అడిగాను.

ఆయన చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. నా కారు కాగితాలు ముందేసుకుని, తలెత్తకుండా అన్నాడు.

"కల్ ఆవో."