తెల్ల కుక్కలకు బోర్లించిన చెప్పు

నా బల్ల మీద ఒక పలచటి పుస్తకం ఉంది, అచ్చు వాసన ఇంకా పోలేదు. ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో మేమున్న వీధుల పాత నమ్మకాలను ఒక స్థానిక చరిత్ర బృందం అందులో పోగుచేసింది. వేల్స్ నుంచి వచ్చిన ఆడవాళ్లు పరలోకపు వేటకుక్కల అరుపు వినబడితే గడపలో చెప్పు బోర్లించేవారని అందులో రాశారు. అది వేల్స్ ఆచారం కాదు. ఒంగోలు పక్క ఊరి నుంచి మా నాయనమ్మ తెచ్చిన ఆచారం. నేనిది రాసిపెట్టకపోతే ఆ తప్పే చరిత్రగా నిలబడిపోతుంది.

నా ఎనిమిదో ఏట, అమ్మ ఆసుపత్రిలో నర్సుగా షిఫ్టులు చేస్తుంటే, తమ్ముణ్ణీ నన్నూ చూసుకోవడానికి నాయనమ్మ వచ్చింది. అక్టోబరులో బడి నుంచి వస్తూ రాలిన చెస్ట్‌నట్ కాయలు ఏరుకుని, తాడుకు గుచ్చి ఒకరి కాయను ఒకరం పగలగొట్టుకుంటూ, వీధంతా కమ్మిన బొగ్గుపొగలో, వానకు తడిసిన ఉన్ని కోట్లతో ఇల్లు చేరేసరికి వంటింట్లో అట్లతద్ది అట్లు కాలుతుండేవి. పక్కింటి గ్వెన్ ఆంటీ ఐరిష్ ఆయన్ను పెళ్లాడి వేల్స్ నుంచి వచ్చిన మనిషి. ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చిన చిన్న బిళ్లలు పంపేది. నాయనమ్మ వాటికి పూర్ణం లేని బొబ్బట్లని పేరు పెట్టి, రెండేసి తినేది.

ఎదురింటి కుక్క అంబులెన్సు కూత వినబడితే చాలు, మెడ పైకెత్తి ఏడ్చేది. ఒక సాయంత్రం అలాగే ఏడుస్తుంటే నాయనమ్మ గుమ్మంలో తన చెప్పు బోర్లించింది. అట్ల గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన గ్వెన్ ఆంటీ అది చూసి ఎందుకని అడిగింది. యముడి భటులు కుక్కలకు కనబడతారట, చెప్పు బోర్లిస్తే ఏడుపు ఆగుతుందట అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని తన చిన్ననాటి కుక్కల గురించి చెప్పింది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి చెవులు. దూరాన ఉంటే అరుపు పెద్దగా వినిపిస్తుంది, దగ్గరికొచ్చేకొద్దీ సన్నబడుతుంది. వాటికి తమ ఊళ్లో విరుగుడే లేదంది. మరి ఎవరి చెప్పు పెట్టాలని అడిగింది.

“ఎవురిదైతే ఏందంట? వాళ్లాయనది పెట్టమనవే. ఎటూ కుర్చీలోంచి లెగవడు గదా,” అంది నాయనమ్మ.

నేను తర్జుమా చేయగానే గ్వెన్ ఆంటీ పడీపడీ నవ్వింది. ఆ మర్నాటి నుంచి కుక్క ఏడ్చినప్పుడల్లా వాళ్ల గడపలో పెద్ద రబ్బరు బూటు ఒకటి తలకిందులుగా కనబడేది. నాయనమ్మ ఇండియా వెళ్లిపోయాక కూడా.

నేను కాలేజీలో సాహిత్యం చదవలేదు. ల్యాబులో రక్తనమూనాలు చూసే ఉద్యోగం నాది. కానీ ఈ ఊరి లైబ్రరీలో ఆ వేటకుక్కల మీద ఉన్న ప్రతి పుస్తకమూ చదివాను, లేనివి వేరే ఊళ్ల నుంచి తెప్పించుకున్నాను. శీతాకాలంలో ఎగిరిపోయే బాతుల అరుపే ఆ నమ్మకానికి మూలం కావచ్చని రాసినవాళ్లున్నారు. చెప్పు సంగతి ఏ ఒక్కరూ రాయలేదు. అదే ఆ చరిత్ర బృందం పెద్దాయనకు చెప్పాను. ఆయన మర్యాదగా విని, “మీ నాయనమ్మ ఆచారమని ఎక్కడైనా అచ్చులో ఉందా?” అన్నాడు. లేదన్నాను. “గ్వెన్ మాకు స్వయంగా చూపించింది మరి,” అన్నాడు. అచ్చయిందే నిజమని ఇన్నేళ్లుగా నమ్మినదాన్ని నేనే.

గ్వెన్ ఆంటీ ఇప్పుడు లేదు. ఆ రెండిళ్లూ కలిపి గదులు చేసి విద్యార్థులకు అద్దెకిస్తున్నారు. గడపలు తీసేశారు. నిన్న అంబులెన్సు పోతుంటే అక్కడే నిలబడి విన్నాను. ఏ కుక్కా ఏడవలేదు.

చెప్పు ఏ కాలిదైనా పెట్టొచ్చని ఫోన్లో ఖాయం చేసిన అద్దంకి రమణమ్మ అత్తకు, బూటు రంగు గుర్తుంచుకున్న తమ్ముడు కిరణ్‌కు, మా నాయనమ్మ రాకముందు తన తల్లి ఇలాంటిదేదీ ఎరగదని ఒప్పుకున్న గ్వెన్ ఆంటీ కూతురు షాన్‌కు, అచ్చులో లేకపోతే నువ్వే రాయమని కాగితాలు చేతిలో పెట్టిన లైబ్రేరియన్ నోరాకు కృతజ్ఞతలు. అందరికన్నా ముందు చెప్పాల్సిన పేరు, ఆ పుస్తకంలో ఉండాల్సిన పేరు, మా నాయనమ్మది: కోటేశ్వరమ్మ.