మధ్య పేజీలు చదవని విమర్శకుడు

ఇందులో ప్రతి అక్షరం నిజమని మా క్యాంపు ఏసీ మీద ఒట్టేసి చెబుతున్నాను. బహ్రెయిన్ ఎండల్లో అంతకంటే పెద్ద దేవుడు లేడు. నా అభిప్రాయం ఒకటి ఓ కాపురానికి మాట పడిపోయేలా ఎలా చేసిందో వినండి.

నువైద్రాత్ కూలీల క్యాంపులో నవలలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. చదవడమంటే మొదటి పది పేజీలు, చివరి రెండు పేజీలు. మధ్యదంతా ఎలాగూ ఏడుపేనని నా సిద్ధాంతం. పెళ్లిభోజనంలో పప్పూ పెరుగూ మాత్రం తిని వంటవాడికి మార్కులు వేసే రకాన్ని.

పక్క మంచం రాజన్నది జగిత్యాల వైపు. అతని భార్య లతకు నవలల పిచ్చి. వాళ్ల ఫోను మాటలు ఏనాడో "తిన్నవా", "తిన్న" దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాత ఆమె ఫ్యాను చప్పుడు ఇతను, ఇతని ఏసీ చప్పుడు ఆమె వినేవారు. ఒకసారి ఆమె తాను చదివిన నవలను ఫోనుకు పంపి, నువ్వూ చదువు, శుక్రవారం మాట్లాడుకుందాం అంది. కాంక్రీటు పోసి వచ్చినవాడికి అక్షరాలు చీమల్లా కనబడతాయి. రాజన్న ఫోను నా చేతిలో పెట్టాడు.

"జర చదివి ఎట్లున్నదో జెప్పే అన్నా. నేను ఆమెకు జెప్త."

చెప్పాను. నాయకుడు చేతకానివాడన్నాను, వాన ఎక్కువైందన్నాను (ఏ నవలకైనా పనికొస్తుంది, మీరూ వాడుకోండి). ఆ శుక్రవారం వాళ్లు గంటసేపు హాయిగా పోట్లాడుకున్నారు. రాజన్న మొహం రంజాన్ నెలలో బజారులా వెలిగింది. తర్వాతి నవలలకూ అంతే.

అప్పుడొచ్చింది దుబాయి పోయినవాడి భార్య కథ. చివరి పేజీలో ఎవరో తలుపు కొడతారు, ఆమె తియ్యదు.

"మొగుడొస్తే తలుపు తియ్యదా? ఒట్టి పొగరు. రాసినవాణ్ణి ఎండలో నిలబెట్టాలి" అని తీర్పిచ్చాను. రాజన్న స్పీకర్ పెట్టి అదే అప్పజెప్పాడు.



"కొట్టింది ఆమె పెనిమిటి కాదు" అంది లత. "ఆయన సచ్చిపోయిండని జెప్పతందుకు అచ్చినోడు. తలుపు తియ్యకుంటే ఆయన ఇంక బతికున్నట్టే గదా అని తియ్యలే. నువ్వు చదువనే లేదు. ఇన్ని దినాలు నేను ఎవలతోని మాట్లాడిన?"

పెట్టేసింది. ఆ తర్వాత శుక్రవారాలు రాజన్న చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయేది. రాజన్న నన్ను తిట్టలేదు. తిడితే ప్రాణానికి హాయిగా ఉండేది. ఒకరోజు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొత్తం చదువు అన్నా. మధ్యల ఇడువకు."

పైకి చదివాను. కబురు తెచ్చే మనిషి బస్సు దిగి ఇల్లు వెతుక్కునే చోట రాజన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని తెలుసు, చదువుతూనే ఉన్నాను.

చివరికి లత ఫోనెత్తింది. రాజన్న నిజం చెప్పేశాడు: ఇన్నాళ్లూ తాను చదవలేదు, ఇప్పుడు మాత్రం పూర్తిగా విన్నాడు, ఆమె తలుపు ఎందుకు తియ్యలేదో తెలిసింది. లత పకపకా నవ్వి, "ముందుగాల జెప్పిన గాడిది ఎవడు?" అంది. గాడిద పక్క మంచం మీదే చెవులు వేలాడేసుకుని కూర్చుంది.

ఆనాడే ఏసీ ఎదుట చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను: మధ్య పేజీలు చదవకుండా ఏ నవల మీదా, ఏ ఆడమనిషి మీదా ఈ జన్మలో నోరు విప్పను.

ఇక పైదాంట్లో నేను కల్పించిన ముక్క ఒకటుంది. లత నవ్వలేదు, గాడిద అనలేదు. ఎవరో ఒకరు తిట్టాలి కదా అని అది నేనే పెట్టుకున్నాను. రాజన్న చెప్పిందంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"తిన్నవా?"

"తిన్న" అన్నాడు రాజన్న.