పరుగంతా నాదే

ఈమధ్య పొద్దున్నే ఆవనూనెలో కర్పూరం వేసి వెచ్చబెట్టి మోకాలికి రాసుకుంటున్నాను. మా ఆవిడకి ఆ వాసన పడదు. వంటింటి తలుపు మూసేసుకుని, మన వైపు కాళ్ళ నొప్పులకి నువ్వులనూనె రాసుకుంటారు గానీ కలకత్తా వాళ్ళలాగా ఈ ఆవనూనె ఏమిటని లోపలినుంచే సణుగుతుంది. ఆవిడ అన్నది నిజమే. ఆ వాసన మా ఊళ్ళోకి కలకత్తా నుంచే వచ్చింది, పైడన్న మోకాలి మీద ఎక్కి వచ్చింది. అరచేతిలో నూనె వేడి తగలగానే ముందు ముక్కులో ఘాటు, తర్వాత కంట్లో చెమ్మ, ఆ తర్వాత జూటుమిల్లు వెనకాల గడ్డిలేని మైదానం, దాని నడుమ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఒక మనిషి.

టీవీ ఫుట్‌బాల్లో ఇప్పుడు అలా మైదానం నడుమ ఆడేవాణ్ణి మిడ్‌ఫీల్డరు అంటున్నారు. మేము హాఫ్ అనేవాళ్ళం. గోలు కొట్టేవాడి పేరు ఊరికి తెలుస్తుంది, గోలు ఆపేవాడి పేరూ తెలుస్తుంది. హాఫ్ పేరు మాత్రం వాడి పెళ్ళానికే తెలుస్తుంది, బురద బట్టలు ఉతకాలి కనక. పైడన్నని చూడనివాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. అరవైల చివర రెండు సీజన్లు అతనికి కాళ్ళు నేనే. బుర్ర అతనిది, పరుగంతా నాదే. అతను ఆడిన ఆఖరి ఫైనల్లో గోలు కూడా నాదే. ముప్పై గజాల దూరం. గోలీ కదల్లేదు. బంతి వలలో పడ్డాక నింపాదిగా చెయ్యెత్తాడు, వెళ్ళిపోయిన బస్సుని ఆపుతున్నట్టు.

పైడన్న పుట్టింది గజపతినగరం. తండ్రి రైలుపట్టాల పనికి ఖర్గపూరు వెళ్ళిపోతే చిన్నప్పుడే అక్కడికి చేరాడు. ఖర్గపూరులో సగం బస్తీ మన జిల్లాల వాళ్ళే. బంతి అక్కడ నేర్చాడు. పంతొమ్మిదో ఏట కలకత్తా వెళ్ళి, చిన్న క్లబ్బులకి పది సీజన్లు ఆడాడు. ఆడటమే అతని ఉద్యోగం, ఇంకో పని రాదు. అక్కడ మోకాలు తిరిగాక క్లబ్బుల వాళ్ళు పిలవడం మానేశారు. అప్పుడు భార్య నర్సమ్మనీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని విజయనగరం దగ్గర మా మిల్లుకి వచ్చాడు. ఆటగాళ్ళని మిల్లు టెంపరరీ మీద తీసుకునేది. స్టోర్సులో తేలిక పని ఇచ్చి, ఉండటానికి క్వార్టరు ఇచ్చేది. మూడు సీజన్లు ఆడితే పర్మినెంటు, క్వార్టరు రిటైరయ్యేదాకా మనదే. మధ్యలో ఆట ఆగిందా, ఉద్యోగమూ క్వార్టరూ రెండూ పోయినట్టే.

నన్ను మిల్లు ఆట కోసం తీసుకోలేదు. నేను టైమాఫీసులో గుమస్తాని. ఇరవై రెండేళ్ళు, దువ్వుకున్న క్రాపు, ఒంటినిండా గర్వం. టీములోకి నేనే దూరాను. నడుమ ఇద్దరు హాఫ్‌లు ఉండేవాళ్ళం, కుడివైపు పైడన్న, ఎడమవైపు నేను. మొదటిరోజు ప్రాక్టీసులో ముగ్గుర్ని తప్పించుకుని, నాలుగోవాడి కాళ్ళలో బంతి పోగొట్టుకుని, అయినా మెప్పు కోసం అతని వైపు చూశాను.

"ఒరే గుమస్తా, బంతేటి నీ మరదలేటిరా? అలగ వాటేసుకుంటన్నావు. ఒగ్గీ!" అన్నాడు. ఆనాటినుంచీ నేను అతనికి గుమస్తానే, పేరు అడగలేదు. "ఇప్పుడు సెప్పు, నీ యెనకాల ఎంతమందున్నారు?"

"తెలీదన్నా, బంతి చూస్తున్నాను."

"బంతి ఎక్కడికి పోతాదిరా, నీ దగ్గరికే వస్తాది. అది ఒచ్చినాక సూత్తే తన్నులే మిగులుతాయి. రాకముందే యెనక్కి సూడు."

ఆ నెలంతా సాయంత్రం సైరను మోగాక నాకు ఒకటే పాఠం. ఎదురుగా ఒకడు బంతి తంతాడు. వెనక పైడన్న నిలబడి వేళ్ళు చూపిస్తాడు. బంతి నా కాలికి చేరేలోపు తల తిప్పి ఎన్ని వేళ్ళో చెప్పాలి. వేళ్ళు చూస్తే బంతి కడుపులో తగిలేది, బంతి చూస్తే పైడన్న అరచెయ్యి వీపు మీద తగిలేది. నెల తిరిగేసరికి రెండూ తగలడం మానేశాయి. గ్రౌండు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది నాకు. అంతవరకూ నా రెండు బూట్ల మధ్యనే ఆడుతున్నాను.

మోకాలి సంగతి సాలూరులో తెలిసింది. అక్కడ లారీల వాళ్ళు పెట్టిన పోటీకి మిల్లు లారీలోనే, గోనె బేళ్ళ మీద కూర్చుని వెళ్ళాం. దిగగానే అందరూ టీకొట్టు మీద పడ్డారు. నేను బూట్లు మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి పైడన్న తాడు పట్టుకుని, వీపు ఇటు తిప్పి, నిచ్చెన దిగే ముసలమ్మలా దిగుతున్నాడు. కుడికాలు నేలకి ఆన్చి, పళ్ళు బిగించి, కాసేపు అలాగే ఉండిపోయాడు.

"సూసీసినావా?" అన్నాడు తల తిప్పకుండానే.

"ఎన్నాళ్ళనుంచన్నా?"

"కలకత్తానుంచి తెచ్చుకున్నదదొక్కటేరా."

లారీ చాటున కూర్చుని సంచిలోంచి సీసా తీశాడు. అదే వాసన. నూనె రాసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. ఒక సీజను గడిచింది, ఇది రెండోది. ఇదీ వచ్చేదీ గట్టెక్కితే చాలు, క్వార్టరు నిలుస్తుంది. "మీ వదిన పుట్టి బుద్దెరిగినకాడ్నుంచీ మైలు దూరంనుంచి నీల్లు మోసిన మనిషి. కోటర్లో కుళాయి కింద బిందెట్టి, కళ్ళు మూసుకుని ఆ సప్పుడు ఇంటాదిరా. పాటిన్నట్టు ఇంటాది."

మా ఒప్పందం అక్కడే కుదిరింది. అతను నిలబడతాడు, నేను పరిగెడతాను. అతను చెవి గోక్కుంటే నేను లోపలికి దూరాలి. ఎడమచెయ్యి నడుం మీద పెడితే గీత పొడుగునా పారిపోవాలి. ఎందుకని అడక్కూడదు. రెండు సీజన్లు అతని కాళ్ళు నేనే అని మొదట్లో రాశాను కదా, అది సరిగ్గా ఒక్క సీజను. ఎనభై దగ్గరపడితే ఒకటి రెండుగా కనిపిస్తుంది, కళ్ళజోడు మార్చాలి.

ఆ సీజనంతా పైడన్న వడ్లు నూర్చే కళ్ళమంత జాగాలో ఆడాడు. అంతకు మించి కదిలేవాడు కాదు. కానీ ఎటు తన్నిన బంతైనా తిరిగి తిరిగి ఆ కళ్ళంలోకే వచ్చేది. ఒక్కసారి తాకేవాడు, అంతే. అది ఎవరూ లేని చోటికి వెళ్ళేది, అక్కడికి ఎవడో ఒకడు చేరేవాడు. తరచుగా ఆ ఎవడో నేనే. జనానికి ఇది అర్థం కాదు. శృంగవరపుకోటలో గీత పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి మ్యాచంతా అతన్నే పట్టుకున్నాడు. "ఒరే, ఆడికో కుర్సీ ఎయ్యండ్రా! పెళ్ళికొచ్చినట్టున్నాడు, తాంబూలం కూడా ఇయ్యండి!"

హాఫ్‌టైములో పైడన్న వెల్లకిలా పడుకుని, కాలు బంతి మీద పెట్టుకుని, "కుర్సీ ఏత్తే ఒద్దంటానేటిరా?" అన్నాడు. అందరం నవ్వాం. అతను నవ్వలేదు. ఆకాశం చూస్తూ, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు. "ఒకప్పుడు కాలికి బంతి తగిలితే ఒళ్ళు జల్లుమనీది. ఇప్పుడు మిల్లు సైరను ఇన్నట్టుంటాది గుమస్తా."

"ఇంకెంతన్నా, ఈ సీజనుకి నాలుగు మ్యాచులు" అన్నాను, అరటిపండు తింటూ.

నేను వేరే లోకంలో ఉన్నాను ఆ రోజుల్లో. గుమస్తా గుర్రంలా పరిగెడతన్నాడని గేటు దగ్గర కూలీలు అంటుంటే విననట్టు నటిస్తూ నడక తగ్గించేవాణ్ణి, ఇంకో రెండు మాటలు వినపడతాయని. టీకొట్టులో నా టీ నన్ను కొననిచ్చేవాళ్ళు కాదు. ముసలాడు అయిపోయాడు, ఇప్పుడు టీమంటే గుమస్తాయే అని ఎవరో అన్నారు. కాదు అనాలి. అనలేదు.

సెమీఫైనల్ గెలిచిన మర్నాడు వెల్ఫేర్ ఆఫీసరు తన గదికి పిలిచాడు. ఫైనల్ ఇంకా మూడు రోజులుంది. మెత్తటి మనిషి, కుర్చీ చూపించాడు. గుమస్తాకి ఆ గదిలో కుర్చీ దొరకడం అదే మొదలు.

"వచ్చే ఏడు పైడయ్య లేకుండా టీము నడుస్తుందంటావా?" అన్నాడు.

ఎందుకు అడుగుతున్నాడో ఆలోచించలేదు. రాకముందే వెనక్కి చూడమని నెలరోజులు నేర్పించుకున్నవాణ్ణి, ఆ గదిలో మాత్రం నా బూట్ల మధ్యనే చూశాను. "నడుస్తుంది సార్. నిజం చెప్పాలంటే ఆయన నిలబడే ఆడతాడు. పరుగంతా నాదే" అన్నాను.

ఈ రాతలో రెండో పేరాలో గొప్పగా రాసుకున్న మాటే అది. మొదటిసారి అన్నది ఆ గదిలో. అప్పుడు బయటికి వస్తూ ఈల వేశాను కూడా. మెట్లు దిగాక గాని తెలియలేదు నేనేం చెప్పానో. ఆ మూడు రోజులూ పైడన్న ముఖం చూడలేకపోయాను.

ఫైనల్ విజయనగరంలో ఆడాం. గెలిచాం, ఒకటి సున్నా. గోలు సంగతి కూడా తేల్చేస్తాను. ముప్పై గజాలన్నది నిజమే. అక్కడినుంచి కొట్టింది పైడన్న, ఫ్రీకిక్కు. దారిలో నా తుంటి ఉంది. బంతి దానికి తగిలి దిక్కు మారి లోపలికి పోయింది. గోలీ కదలకపోవడం కూడా నిజమే, నా తుంటి ఎటు తిరుగుతుందో నాకే తెలియనప్పుడు అతనికేం తెలుస్తుంది? అందరూ నన్ను ఎత్తుకున్నారు. వాళ్ళ భుజాల మీదినుంచి చూస్తే పైడన్న ఒక్కడూ నడుమ వృత్తంలో కూర్చుని, బూటు తాళ్ళు నింపాదిగా విప్పుకుంటున్నాడు.

వారం తర్వాత టైమాఫీసు కిటికీ దగ్గరకి వచ్చాడు. "కోటరు కాళీ సేసేత్తన్నాంరా. గజపతినగరం ఎల్లిపోతన్నాం" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని భయం. "మద్దిలో నువ్వే ఇంక. సెవి గోకీవోడు ఉండడు, జాగర్త" అని కిటికీ చువ్వల్లోంచి నా క్రాపు చెరిపేసి వెళ్ళిపోయాడు. రైలుకి సాగనంపడానికి వెళ్ళాను. నర్సమ్మ వదిన సామాను మీద అటు తిరిగి కూర్చుంది. నాతోనూ మాట్లాడలేదు, అతనితోనూ మాట్లాడలేదు.

తర్వాత నాలుగేళ్ళు మిల్లు టీముకి నడుమ ఆడాను. గుర్రంలానే పరిగెత్తాను. ఎటు పరిగెత్తాలో చెప్పేవాడు లేక గ్రౌండంతా పరిగెత్తి, సీజను చివరికి చచ్చినంత పనయ్యేది. పైడన్న గజపతినగరంలో సంత దగ్గర పాత గోనెసంచులకి మాట్లు వేసే కొట్టు పెట్టుకుని ముప్పై ఏళ్ళు బతికాడు. ఏడాదికో రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. పక్కన కూర్చోబెట్టుకుని టీ తెప్పించేవాడు. అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, ఆ గది తప్ప. అతను పోయేదాకా ఆ మాట చెప్పనేలేదు.

అతని దగ్గర తీసుకున్నది ఇప్పటికీ ఒంట్లో ఉంది. రోడ్డు దాటేటప్పుడు, బస్సు ఎక్కేటప్పుడు, బ్యాంకు వరసలో నిలబడ్డప్పుడు నా తల దానంతటదే భుజం మీదుగా వెనక్కి తిరుగుతుంది. తాతయ్యకి పోలీసులు వెంటపడుతున్నారని మనవలు నవ్వుతారు. అలా తిరిగిన ప్రతిసారీ అక్కడ ఒక కుర్చీ, ఒక ఈల కనిపిస్తాయి. ఒక మనిషి ఇల్లు నోటితో కూల్చినవాణ్ణి నేను. యాభై ఏళ్ళకి పైగా ఆ బరువు మోస్తూ అలిసిపోయి, ఇక రాసేద్దామని కూర్చున్నాను.

ఇంతవరకూ రాసి, అచ్చుకి పంపేముందు క్షమాపణ చెప్పుకుందామని పోయిన నెల గజపతినగరం వెళ్ళాను. నర్సమ్మ వదినకి చూపు ఆనదు, చెవులు మాత్రం పదును. చింతపండు పిక్కలు తీస్తూ మొత్తం వింది. నేను ఆఖరి వాక్యం చదివి కళ్ళు తుడుచుకున్నాను.

"అయిపోనాదా?" అంది.

"అయిపోయింది వదినా."

"గుమస్తా, నీకు ఎనబయ్యేళ్ళొచ్చినా బడాయి తగ్గలేదయ్యా. గోలు నాదన్నావు. పరుగు నాదన్నావు. ఆకరికి తప్పు కూడా నాదేనంటన్నావు. మీ అన్నకి ఒక్కటైనా ఒగ్గవా?"

ఆవిడ పిక్క ఒకటి గిన్నెలో పడేసింది.

"నువ్వా గదిలోకి ఎల్లకముందే మీ అన్న ఎల్లి సెప్పీసొచ్చినాడు. ఇంక నా వల్ల కాదు బాబూ, ఈ ఫైనలు ఆడీసి మానేత్తాను అని. అందుకే గదా ఆ ఆపీసరు నిన్ను పిలిసినాడు, తరవాత ఎవుడున్నాడని. నీ మాటకి మిల్లు కదిలిపోద్దేటి? నువ్వేటి, ఓనరువా?"

"మోకాలు అంత నొప్పెట్టిందా వదినా?"

"మోకాలు ఎప్పుడూ ఉన్నదే. ఆటంటేనే ఇసుగొచ్చీసినాది. పొద్దున్న బూట్లు కనిపిత్తే మొకం అటు తిప్పుకునీవోడు. నువ్వు రోజూ పక్కనే ఉన్నావు గదా, నీకు తెలీలేదేటి?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు ఏడుత్తా ఆడతావని. ఫైనలు పోతాదని. నాతో కూడా సెప్పకుండా ఎల్లినాడు, సెప్పొచ్చీసినాక సెప్పినాడు. మూడ్రోజులు నాను అన్నం ఎట్టలేదు మీ అన్నకి. నువ్వు ఎగిరెగిరి పడ్డ ఆ ఫైనలు, కాళీ కడుపుతో ఆడినాడు. అదీ రాసుకో."