ట్యాంకర్ ఖాళీ అయ్యేలోపు

ఎండకు కాలిన సిమెంటు మీద ట్యాంకర్ పైపు నుంచి మొదటి నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. మొన్న మా వీధిలో అది ముక్కుకు తగలగానే చేతిలోని కాగితాన్ని గభాలున వెనక్కి దాచుకున్నాను. అది పక్కింటాయన అప్పుడే ఇచ్చిన ఆయన కూతురి పెళ్లి శుభలేఖ. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు.

ఈ బెదురు నాకు ప్రమీల మేడం దగ్గర అంటుకుంది. విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజుల్లో శంషాబాద్‌లో ఒక మేడ మీద మా చిన్న ఆఫీసు ఉండేది. కృష్ణా నదిలో ఏ రాష్ట్రానికి ఎన్ని నీళ్లు వస్తున్నాయో, ఎన్ని వాడుతున్నారో లెక్క తేల్చి మూడు రాష్ట్రాల అధికారులకూ అర్థమయ్యేలా చెప్పడం మా పని. అంత పెద్ద నది బాగోగులు చూసే మాకు కుళాయిలో నీళ్లు వచ్చేవి కావు. రెండు రోజులకోసారి యాదయ్య ట్యాంకర్ తెచ్చి సంపు నింపేవాడు. మేడం నీటిపారుదల ఇంజనీరుగా రిటైరయ్యారు. మంఖాల్ రైతుల ఇంటి ఆడపడుచు. యాదయ్యదీ అదే ఊరు, ఆమెను అక్కా అని పిలిచేవాడు. ఆఫీసులో ఆమె ఒక పద్ధతి పెట్టారు. నివేదిక రాసినవాళ్లు ట్యాంకర్ ఖాళీ అయ్యేలోపు దాన్ని యాదయ్యకు చెప్పి ఒప్పించాలి. ఒప్పించలేకపోతే అది అచ్చుకు పోదు.

నా మొదటి నివేదిక ‘సమీకృత జలవనరుల సమన్వయ యాజమాన్యం’ అన్న మాటతో మొదలైంది. ఆ మాట మీద నాకు కొంత ప్రేమ కూడా ఉండేది. యాదయ్య మర్యాదగా విన్నాడు. మధ్యలో నెత్తి మీదుగా విమానం దిగితే ఇద్దరం నోరు మూసుకుని నిలబడ్డాం. అది వెళ్లాక అడిగాడు.

“ఇంతకీ నీళ్లున్నయా లెవ్వా, సారూ?”

పైనుంచి మేడం నన్ను రమ్మని, మళ్లీ రాయమన్నారు. అలా నాలుగుసార్లు రాశాను.

రెండేళ్లకు ఒక ఎండాకాలం మూడు రాష్ట్రాల సమావేశం వచ్చిపడింది. అందులో మా నివేదిక నెగ్గితేనే ఆఫీసు ఇంకొన్నాళ్లు నడుస్తుంది. సరిగ్గా అప్పుడే బోర్లు ఎండిపోయి యాదయ్య వారం రోజులు రాలేదు. నేను పెద్దగా బాధపడలేదు. పరీక్ష లేకుండానే అచ్చు వేయించి ప్రతులు ముందుగా పంపించాను. నదిలో ఇంకా మిగులుందని అందులో తేల్చాను. మూడు రాష్ట్రాల వాళ్లూ ఫోన్ చేసి బాగుందన్నారు. ఒక నది సంగతిలో మూడు రాష్ట్రాలూ ఒకేసారి సంతోషించాయంటే అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.

సమావేశం రోజు పొద్దున ట్యాంకర్ వచ్చింది. పోయి చెప్పిరా అన్నారు మేడం. అచ్చయిపోయింది కదా అన్నాను. అయితే జల్దీ అయిపోతది అన్నారు.

దిగి చెప్పాను. ఎగువ రాష్ట్రం వాళ్లు పొలాలకు పారించిన నీళ్లలో కొంత తిరిగి నదిలో కలుస్తుంది, అది వాళ్ల మిగులు. అదే కిందికి పారి వస్తుంది, అది మన రాబడి. పైపు సర్దుతున్న యాదయ్య ఆగాడు.

“గట్లెట్ల సారూ? ఈ ట్యాంకర్ మీ సంపుల పోసి, గివే నీళ్లు పక్కింట్ల గూడ పోసిన అంటే ఒప్పుకుంటరా?”

పట్టిక తీసి చూశాను. ఒకే నీళ్లను రెండు చోట్ల రాశాను. ఒకచోట కొట్టేస్తే మిగులు లేదు. మెట్ల మీద నిలబడ్డ మేడంకు చెప్పాను. ఆమె అరవలేదు. అరిచి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి. మెట్లు ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. చివరికి, వాళ్ల విమానాలు దిగే యాళ్లయింది, నడువు అన్నారు.

సమావేశం విమానాశ్రయం దగ్గరి హోటల్లో. తప్పు తనదేనని ఆమె చెబుతారని దారి పొడుగునా ఆశపడ్డాను. ఆమె అందరికీ నమస్కారం పెట్టి, నివేదిక గురించి ఇతను మాట్లాడతాడని నన్ను చూపించి, వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు. నాకు వేరే మాటలు దొరక్క ట్యాంకర్ సంగతే చెప్పాను. ఎగువ రాష్ట్రం పెద్ద అధికారి కాగితాలు పక్కన పెట్టి, అయితే మిగులు లేదా అని అడిగాడు. వెనక్కి చూశాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

“లేదు” అన్నాను.

మూడు రాష్ట్రాల వాళ్లూ ముందుగా పంపిన ప్రతులు తెరిచి ఆ పట్టిక వెతకసాగారు.

సాయంత్రం సిటీలో ఇళ్లకు పోతుంటే ఆరాంఘర్ దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఉండబట్టలేక అడిగాను, మీరే చెప్పి ఉండొచ్చు కదా మేడం అని.

“నేను చెప్తే ముసల్దానికి మతి తప్పిందని, ఆ మిగులు లెక్కనే పట్టుకుందురు. రాసినోడే తప్పంటే ఇగ నమ్మక ఏం జేస్తరు?” ముందు ఆగిన బండ్లను చూస్తూ అన్నారు. “ఆఫీసు పోతే పోనీ. లేని నీళ్లకు కాలువ తవ్వుకునేటోని గతేంది?”

ఆఫీసు పోయింది. కాటేదాన్‌లో ఒక రేకుల షెడ్డు పక్కన రెండు గదుల్లో కొన్నాళ్లు ఆ లెక్కల పనిని ఆమే సొంతంగా నడిపారు. మరుసటేడు మూడు రాష్ట్రాలు మళ్లీ పోట్లాడుకుంటూ నేను దిద్దిన పట్టికనే తెప్పించుకున్నాయని విన్నాను. ముగ్గురికీ సమానంగా నచ్చని కాగితం అదొక్కటేనట.

మేడం ఇప్పుడు లేరు. నదుల లెక్కలే నా ఉద్యోగం ఇప్పటికీ. మిగులుందా అని ఇంకా అడుగుతూనే ఉంటారు. మంచివాళ్లే, ఆశగా అడుగుతారు. ఏదైనా సర్దగలనా అని ప్రతిసారీ ఒక క్షణం వెతుక్కుంటాను. ఆ తర్వాత లేదంటాను. అన్నాక ఆ రోజంతా ఒకచోట కూర్చోలేను.