ఎస్తేరు టీచర్ పాడని ఆల్బమ్

కూతురికి దగ్గు పట్టుకుంటే నా భార్య శొంఠి, మిరియాలు దంచి కషాయం మరిగిస్తుంది. ఆ ఘాటు ముందుగదిలోకి వచ్చిందంటే నాకు కడపలోని ఒక చిన్న రికార్డింగ్ గది గుర్తొస్తుంది. బట్టల దుకాణం పైన ఉండేది ఆ గది. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని దాన్ని ఆపేసి, నడి ఎండాకాలంలో తలుపులు బిగించుకుని కూర్చునేవాళ్లం. పాటకూ పాటకూ మధ్య ఎస్తేరు టీచర్ ఫ్లాస్కు మూత తిప్పి కషాయం పోసుకునేవారు. మా బృందం పేరు గరుసునేల. సేద్యం పాటలకు గిటారూ డ్రమ్సూ కలిపి వాయించేవాళ్లం. ఆమె మా గాయని. అప్పటికి ఆమె ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డారు. మిగతా మా ముగ్గురికీ ముప్పై దాటలేదు.

కోడుమూరు బడిలో ఆమె నాకు తెలుగు చెప్పేవారు. ఆదివారాలు చర్చిలో పాటలు నడిపించేవారు. వాళ్లమ్మ శనక్కాయ చేలల్లో కూలికి పోతూ పాడిన పాటలన్నీ ఆమెకు వచ్చు. కిరాణా అంగడి శెట్టి కొడుకునైన నేను బెంచీ మీద వేళ్లతో దరువేస్తుంటే చూసి, చర్చిలో ఎవరూ ముట్టని గిటారు ఒకటి ఉందని తీసుకుపోయారు. కొన్నాళ్లకు మా నాయన బడికి వచ్చాడు.

"టీచరమ్మా, మావోడు చర్చికి పోతాండాడని బజార్లో అంటాండారు."

"గిటారు కాడికి వస్తాండాడు శెట్టిగారూ. దేవుని సంగతి పెద్దయినాక వాడే చూసుకుంటాడు" అన్నారామె. మా నాయన నన్ను వెంటబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. దారిలో నాతో, "ఆయమ్మ అబద్ధం చెప్పే మనిషి గాదులే" అన్నాడు. ఆ గిటారే నన్ను అంగట్లోంచి బయటికి తెచ్చింది. తర్వాత కాలేజీలో డ్రమ్స్ వాయించే ఖాదర్, బేస్ గిటారు రవి కలిశారు. మాకు పాడే మనిషి లేకపోతే నేను వెళ్లి టీచర్ని అడిగాను. ఆమె నవ్వి, "నా వయసుకు ఇది తగునా శీనా?" అన్నారు. మరుసటి ఆదివారమే సాధనకు వచ్చారు.

మొదటి ఆల్బమ్‌లో మబ్బు పాట ఒకటి ఉంది. మా చేను దాటిపోయి పక్కూరి చేలో కురుస్తావేమని ఒక ఆడమనిషి మబ్బును నిలదీస్తుంది. టీచర్ గొంతులో గరుకు ఉండేది. ఆ గరుకులో కోపం బాగా పలికేది. ఆ పాట ఆటోల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, ఫోన్లలో తిరిగింది. రెండో ఆల్బమ్‌ను హైదరాబాదు కంపెనీ ఒకటి విడుదల చేస్తానంది. మాకు అంతకంటే కావలసిందేముంది?

వాయిద్యాలన్నీ రికార్డు చేశాక ఆమె గొంతు జారడం మొదలైంది. పై స్థాయికి వెళ్లేసరికి గాలి మాత్రమే వచ్చేది. కర్నూలులో డాక్టరు పరీక్షించి, గొంతు దగ్గర గడ్డ ఉందన్నాడు. అది గొంతు నరాన్ని పట్టేసుకుందనీ, తీయకపోతే ప్రమాదమనీ, తీశాక గొంతు ఎలా ఉంటుందో చెప్పలేననీ ముందే చెప్పాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి దక్కింది. మాట మాత్రం గుసగుసగా మిగిలింది.

కంపెనీ వాళ్లు ఎక్కువ రోజులు ఆగలేదు. మొదటి ఆల్బమ్‌లోని గొంతు తీసుకుని కంప్యూటర్‌తో కొత్త పాటలు పాడించవచ్చన్నారు. ఒక పాట తయారుచేసి నమూనాగా పంపారు కూడా. ఖాదర్ దాన్ని కడప గదిలో వినిపించాడు. అచ్చం ఆమే. అదే గరుకు, అదే విరుపు. టీచర్ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. అయిపోయాక ఆమె గుసగుసగా చెప్పిన మాటల కోసం మేమంతా ముందుకు వంగాం.

"గొంతు నాదే. పాడింది నేను గాదు."

ఖాదర్ ఆమె పక్కన కూర్చున్నాడు. "ఎవురికీ తెలీదు టీచర్. జనాలకు మీ గొంతే గావాల. ఇది లేకుంటే కంపెనీ మనల్ని ఇడిసేస్తాది."

"జనాలకు తెలీకపోతే ఏమప్పా, నాకు తెలుసు గదా! మా యమ్మ పాట అది. ఎండలో నిలబడి పాడింది. ఎవురో ఒకరు నిలబడి పాడల్ల." తర్వాత నా వైపు తిరిగారు. "శీనా, నువ్వు పాడు."

నాకు పాట రాదన్నాను. నిజంగానే రాదు, ఎప్పుడూ కోరస్‌లో కలిసిపోవడమే. టీచర్ ఒప్పుకోనిదే ఆ నమూనా వాడేది లేదని మాత్రం ముగ్గురం ఒక మాట మీదికి వచ్చాం. కంపెనీ తప్పుకుంది. ఖాదర్ కొన్నాళ్లు మాతో సరిగా మాట్లాడలేదు. అయినా సాధనకు రావడం మానలేదు.

ఆ తర్వాత ఆమె ఇంటి వసారాలో నాకు పాఠం మొదలైంది. పాడి చూపించే వీలు లేదు కాబట్టి చేత్తో తొడ మీద తాళం వేసేవారు. నేను తప్పు పాడితే చెయ్యి ఆపేసేవారు. నాకు తెలియకుండానే ఆమె గరుకును, విరుపును తెచ్చిపెట్టుకుని పాడేవాణ్ని. ఒకరోజు విసుగొచ్చి నా భుజం మీద గట్టిగా చరిచారు.

"నా మాదిరి ఏంటికి పాడుతాండావు? నా మాదిరి పాడనీకి ఆ కంప్యూటర్ పెట్టె ఉండాది గదా! అంగట్లో గిరాకీని యా గొంతుతో పిలుస్తావో ఆ గొంతుతో పాడు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది గానీ, నవ్వు కూడా గాలిగానే బయటికి వచ్చింది. నా నవ్వు ఆగిపోయింది. ఆమె మాత్రం మళ్లీ తాళం ఎత్తుకున్నారు.

రెండో ఆల్బమ్‌ను మేమే విడుదల చేశాం. మొదటిదాన్ని విన్నంతమంది దీన్ని వినలేదు. టీచరమ్మ గొంతు ఏదని అడిగినవాళ్లు ఉన్నారు, నా గొంతు బాగాలేదని రాసినవాళ్లూ ఉన్నారు. విడుదలకు ముందు ఆమెకు వినిపించినప్పుడు, ఒకచోట నా ఊపిరి పెద్దగా వినిపిస్తోందనీ, దాన్ని తీసేయిస్తాననీ చెప్పాను.

"తియ్యొద్దు" అన్నారు. "పాడేటోడు ఉండాడని తెలుస్తాది."

పోయిన వానాకాలంలో టీచర్ చనిపోయారు. సమాధి దగ్గర చర్చి వాళ్లు పాడిన పాటల్లో మేమూ గొంతు కలిపాం. ఖాదర్ అందరికంటే గట్టిగా పాడాడు.

ఇప్పుడు ఏ ఊళ్లో వాయించినా, టీచర్ గొంతును కంప్యూటర్‌తో పాడించి, తెరమీద ఆమె బొమ్మతో పాటు వినిపించమని నిర్వాహకులు అడుగుతారు. అది మామూలైపోయిందనీ, అందరూ చేస్తున్నారనీ చెబుతారు. మొదటి ఆల్బమ్‌లో ఆమె ఉన్నారు, వినండి అంటాను. కొందరు నొచ్చుకుంటారు. మైకు ముందుకు వెళ్లేటప్పుడు నాకు ఇంకా భయమేస్తుంది. ఆ భయం పోవాలని కోరుకోవడం ఎప్పుడో మానేశాను. ఖాదర్ వైపు చూసి తలూపి, ఊపిరి తీసుకుని, పాట ఎత్తుకుంటాను.