శత్రుసేన ట్రాక్టరెక్కి వచ్చింది

నంద్యాల కాలేజీలో నేను అర్థశాస్త్రం చెబుతాను. దానితోపాటు ఆడపిల్లల సైనిక శిక్షణ దళం కూడా నా మెడకే పడింది. అప్పటిదాకా నాకు తెలిసిన యుద్ధమల్లా స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ కోసం చేసేదే. అసలు విద్య నేర్పేవారు వేరే ఉన్నారు. సైన్యంలో సుబేదారుగా చేసి, రిటైరై సొంతూరు దొర్నిపాడు చేరిన పెద్దమనిషి. అందరమూ ఆయన్ని సాబ్ అనేవాళ్ళం.

సాబ్‌కు ఎండతో పేచీ. మొదట్లో పరేడ్ సాయంత్రం నాలుగింటికి ఉండేది. శివరాత్రికే మాడు పగిలే ఎండలు మొదలయ్యాక, వరసలో నిలబడ్డ పిల్లలు నిలబడ్డట్టే సోలిపోతుంటే తెల్లవారుజాముకు మార్చాం.

"సైన్యంలోనూ ఇదే తంతు మేడం. ఎండ ముదిరితే పరుగులు బంద్. శత్రువు నీడ చూసుకోని రాడు గదా" అనేవారాయన.

ఆ ఏడు చలికాలం ఆళ్లగడ్డ దగ్గర ఒక స్కూల్లో క్యాంపు పెట్టాం. వరి కోతల కాలం. వానలు ఎప్పుడో మొహం చాటేసి ఉండాలి. స్కూలు ముందున్న వాగులో పాదం మునిగేన్ని నీళ్ళు కూడా లేవు. ఆఖరి రోజు ఉత్తుత్తి యుద్ధం. సగం మంది పిల్లలు నాతోపాటు కోటలో, అంటే స్కూల్లో. మిగతా సగం శత్రువులు, వాళ్ళ సేనాపతి సాబ్. పొద్దున్నే వాగు దాటి అవతలి తోపులో దాక్కుని, భోజనం వేళకు మా మీద విరుచుకుపడాలని పథకం.

మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. నల్లమల మీద మాత్రం మబ్బు కమ్ముకుంది. ఎక్కడో కురిసిన వాన, చూస్తుండగానే ఎర్రనీళ్ళై వాగు గట్లు ఒరుసుకుంటూ వచ్చేసింది. అంతలో సాబ్ ఫోను చేశారు.

"మేడం, మేం రాలేం. వాగు మెడలోతు పారతాండాది."

"పిల్లలు?"

"అందరూ మిట్ట మీద బాగుండారు. ఎవుర్నీ నీళ్ళ తట్టు పోనియ్యలేదు. ఈడ ఒకటే కష్టం. ఆకలి."

పక్కనే నిలబడి వింటున్న వంట అక్క, "అయితే మనం గెలిచినట్టేనా మేడం? పప్పులో ఉప్పెయ్యాల్నా?" అంది.

తర్వాత ఫోను పలకలేదు. పిల్లలూ నేనూ తాళ్ళు పట్టుకుని వాగు గట్టుకు దూరంగా నిలబడి అటే చూస్తున్నాం. వెనక గేటు దగ్గర కాపలా ఉన్న పిల్లలు మాత్రం, పట్ట కప్పిన ట్రాక్టరొకటి వస్తే వడ్ల లోడు అనుకుని గేటు తీశారట. "రైట్, రైట్" అని దారి కూడా చూపించారట. వంటింటి ముందు పట్ట లేచింది. లోపల శత్రుసేన! ముందు పప్పు గుండిగను చుట్టుముట్టి, తర్వాత వెనక నుంచి వచ్చి మమ్మల్ని "చేతులెత్తండి" అన్నారు. నేను సంతోషంగా ఎత్తాను.

ట్రాక్టరు నడుపుకొచ్చినామె యాభై దాటిన రైతు. వాగవతల వాన మొదలై కళ్ళంలో వడ్లు తడిసిపోతుంటే పట్టలు తెచ్చుకుంటూ తోపులో మా పిల్లల్ని చూసిందట.

"ఎవురమ్మా మీరంటే, మేం శత్రువులం పెద్దమ్మా అనిరి. శత్రువులైతే అయినారుగాని బేగా రాండి, గింజలు తడుస్తాండాయి అంటి" అని ఆమె చెబుతుంటే సాబ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. వడ్లు మూటలు కట్టించుకుని, పిల్లలకు సంకటి పెట్టి, పెద్ద రోడ్డు వంతెన మీదుగా చుట్టూ తిప్పి తెచ్చింది. సంకటి తిన్న పిల్లలు మా అన్నమూ వదల్లేదు.

చేతులు కడుక్కుంటూ సాబ్ అన్నారు: "నవ్వుకుంటాండాం గానీ, నేను పనిచేసిన కొండల్లోనూ ఇట్లే మేడం. కాలం గాని కాలంలో వాన పడి రోడ్డు జారిపోతే, పైనుండే వాళ్ళకు బియ్యం పోదు, గుండ్లు పోవు. యాడన్నా వరదొస్తే తుపాకి పక్కన పెట్టి పడవ పట్టాల. అదే పొద్దు సరిహద్దులో ఏమన్నా అయితే? ఉండేది ఆ జవాన్లే గదా."

ఒక మనిషిని రెండు చోట్ల నిలబెట్టే సూత్రం నా అర్థశాస్త్రంలోనూ లేదు.

మరుసటి ఏడు క్యాంపులో తాడు విసరడం, వరదలో చిక్కిన వాళ్ళను ఒడ్డుకు చేర్చడం కూడా నేర్పించాం. ముందు నాకే నేర్పారు. తాడు విసిరితే వంట అక్క మెడలో పడింది.

ఆనాటి శత్రువుల్లో ఒక పిల్ల సైన్యంలో చేరింది. మొన్న ఏదో కొండల నుంచి ఫోను చేసింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

"రోడ్డు మీద కొండ ఇరిగి పడింది మేడం. రాళ్ళు తీస్తాండాం. ఈడ ఈ నెల్లో వానే పడదంట, మేమొచ్చినప్పట్నించి నిలవలేదు."

జాగ్రత్త అని చెప్పబోయాను. ఇంతలో వెనక నుంచి ఎవరో ఆమెను కేకేశారు. "వస్తాండా సార్!" అని అరిచి, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా పెట్టేసింది.